పచ్చరంగు పోయిన గోదారి

సంక్రాంతికి రాజమండ్రి వెళ్తే అమ్మ అటక మీంచి ఓ అట్టపెట్టె దింపింది. నిండా వీసీడీలు. "ఉంచాలో పారెయ్యాలో తేల్చరా, బొద్దింకలు గుడ్లు పెడుతున్నాయి" అంది. నా ల్యాప్‌టాప్‌కి డిస్క్ డ్రైవ్ లేదు. పక్కింటి కుర్రాడి దగ్గర పాతదొకటి దొరికితే ముందు 'ముత్యాలముగ్గు' పెట్టాను. పండగ మూడు రోజులూ ఆ పెట్టెతోనే గడిచిపోయాయి.

డెబ్భైల తెలుగు సినిమాల్లో ఇంట్లో ఉంచుకోదగ్గవి ఏవని అడిగితే నేను మొదట చెప్పే రెండూ బాపు-రమణలవే: 'అందాల రాముడు' (1973), 'ముత్యాలముగ్గు' (1975). మూడోది 'శంకరాభరణం'. జనం దాన్ని చూసింది 1980 ఫిబ్రవరిలో, కానీ జాతీయ అవార్డుల లెక్కలో అది 1979 సినిమా. కాబట్టి దొడ్డిదారిన ఈ దశాబ్దంలోకి లాగేస్తున్నాను. మూడూ మా గోదారి జిల్లాల్లో తిరిగినవే. కాకపోతే "ఉంచుకోవడం" అంటే ఏంటి అన్న దగ్గర నాకు పేచీ ఉంది.

బాపుని మనం బొమ్మల మనిషిగా పొగుడుతాం. నిజం చెప్పాలంటే నా తరం 'ముత్యాలముగ్గు'ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ. మా మావయ్య దగ్గర డైలాగుల క్యాసెట్ ఉండేది. సినిమా చూడకముందే రావు గోపాలరావు కాంట్రాక్టరు నాకు కంఠతా వచ్చేశాడు. వెనకాల బాజా భజంత్రీలు, కారు డిక్కీ, నెమ్మదైన ఆ గోదారి యాస. ఒక ఆడదాని కాపురం కూల్చడాన్ని రోడ్డు పని ఒప్పుకున్నంత మామూలుగా ఒప్పుకుంటాడు. డబ్బున్న మనిషికి రసికత కూడా ఉంటే ఎంత భయంగా ఉంటుందో రమణకి తెలుసు. అందుకే ఆ పాత్ర చావలేదు. పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఎవడో ఒకడు ఆయన గొంతు పెట్టి మాట్లాడతాడు.

మరి లక్ష్మి? ఇది ఉత్తర రామాయణం కథ. భార్య గదిలో పరాయి మగాణ్ణి పెట్టి కుట్ర చేస్తారు, భర్త నమ్మేస్తాడు, గర్భవతిని వెళ్ళగొడతాడు. చివరికి పిల్లలూ ఆంజనేయుడూ కలిసి కాపురం నిలబెడతారు. ఆ భర్తని సినిమా అంత తేలిగ్గా క్షమించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రమణ మాటల ఖజానా అంతా విలన్‌కి ఇచ్చేశాడు, లక్ష్మికి మిగిలింది మౌనం. చాలా ఏళ్ళు దీన్ని సినిమా లోపం అనే అనుకున్నాను.

ఈసారి చూస్తుంటే అనుమానం వచ్చింది. లక్ష్మి వైపు కథ మాటల్లో లేదు, బొమ్మలో ఉంది. సంగీత మొహం మీద పడే వెలుతురు, ముగ్గు, ఆకుల మధ్య నిలబడ్డ ఆ ఒంటరి మనిషి. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య, అంతకుముందు 'గరమ్ హవా' తీసిన మనిషి. 'ముత్యాలముగ్గు'కి ఆయనకి జాతీయ అవార్డు వచ్చింది. సహజమైన వెలుతురు మీద ఎక్కువ ఆధారపడ్డాడని అంటారు. "అంటారు" అనే రాయగలను. ఎందుకంటే నా డిస్కులో కనిపించేది వెలుతురు కాదు, గులాబీ రంగు మసక.

ఇక్కడ కాస్త ఉద్యోగం బుద్ధి. వీసీడీ ఫ్రేము 352×288. అంటే లక్షకి కాస్త పైన చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో ఇరవై లక్షలు దాటతాయి. పైగా ఆ ఫార్మాట్‌లో రంగుని నాలుగు చుక్కలకి ఒకసారే రాస్తారు, కాబట్టి రంగు సమాచారం పాతికవేల చుక్కలది. దీనికి ముందే ప్రింటు వెలిసిపోయింది. ఆ కాలపు కలర్ ప్రింట్లలో సాధారణంగా ముందు పోయేది సయాన్. సయాన్ పోతే ఆకుపచ్చ నిలవదు. కోనసీమలో కొబ్బరాకు ఇటుకరంగులోకి తిరిగితే ఆ సినిమా ఎక్కడ జరుగుతున్నట్టు? మూలన టీవీ ఛానల్ లోగోలా వీసీడీ కంపెనీ పేరు ఒకటి, ఎప్పుడూ మెరుస్తూ.

శబ్దం మాత్రం దాదాపు నిక్షేపంగా ఉంది. అంటే ఈ సినిమాలో కాంట్రాక్టరు బతికాడు, లక్ష్మి వెలిసిపోయింది. మనం రాసే విమర్శ కూడా అలాగే తయారైంది: బాపు సినిమా మీద వచ్చే వ్యాసాల్లో ముప్పాతిక భాగం రమణ మాటల గురించే. నేను రాసినవీ అంతే.

'అందాల రాముడు' సంగతి వేరు. కథగా చూస్తే సాగుతుంది. యాభైకి దగ్గరపడ్డ నాగేశ్వరరావుకి ఆ కుర్రతనం అతకలేదు (మా నాన్నగారు ఈ వాక్యం చదవకపోతే మంచిది). కానీ రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ ఎక్కించి ఒక చిన్న లోకాన్ని నది మీద నడిపిన సినిమా అది. రోడ్-కం-రైల్ వంతెన వచ్చింది 1974లో. ఈ సినిమా నాటికి లాంచీ అంటే విహారం కాదు, ప్రయాణం. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి'లో అదే దారి సెలవుల సరదా అయిపోయింది. ఇప్పుడు ఆ దారే మారిపోతోంది. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యాం లేచాక దేవీపట్నం వైపు ఊళ్ళు వరదకి మునిగి ఖాళీ అయ్యాయి. ఈ సినిమాని కథ కోసం కాదు, వెనకాల కదిలే ఒడ్డు కోసం ఉంచుకోవాలి. దర్శకుడు అనుకోకుండా దాచిపెట్టిన ఆస్తి అది.

'శంకరాభరణం' అదృష్టం బావుంది. పుణె ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు బాగుచేసిన ప్రతిని 2022 గోవా చిత్రోత్సవంలో వేశారు. బాలూ మహేంద్ర కెమెరా దక్కింది. నలుపు తెలుపుల 'మాయాబజార్'కి 2010లో రంగులద్దడానికి డబ్బు దొరికింది. రంగుల్లోనే పుట్టిన 'ముత్యాలముగ్గు'కి ఉన్న రంగు తిరిగి తెచ్చే డబ్బు మాత్రం ఇంకా దొరకాలి. హక్కులెవరివి, నెగెటివ్ ఏ స్థితిలో ఉంది అని అడిగేవాళ్ళు ఉంటేనే అది కదులుతుంది.

ఈలోగా ఆ డిస్కులు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను. కనుమ నాడు 'అందాల రాముడు' పెడితే నాన్నగారు వచ్చి కూర్చున్నారు. ఒకచోట "ఆపు, ఆపు" అన్నారు. "అది మా పెదనాన్నగారి ఊరి రేవులా ఉందిరా." జూమ్ చేశాను. గళ్ళు గళ్ళుగా విడిపోయింది. నాకు ఎర్రటి మరక తప్ప ఏమీ కనపడలేదు. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని మెట్లు లెక్కపెడుతున్నారు.