బండి లేపినవాళ్లు బ్రేకు గొట్టం చూడాలి

పికప్ ట్రక్కును ఎత్తు చేయించుకోవడం అమెరికాలో పాత ముచ్చటే. కొలరాడో కొండదారుల్లో తిరిగే మాలాంటివాళ్లకు దాని అవసరమూ ఉంది. పెద్ద టైర్లు పట్టాలి, బండి అడుగు రాళ్లకు తగలకూడదు. ఇక్కడి తెలుగు కుర్రాళ్లు స్ప్రింగుల గురించి, షాకుల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. బ్రేకు గొట్టం ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరైనా లేపిన బండి మా ఇంటికి తెస్తే నేను కింద దూరి మొదట చూసేది దాన్నే.

చాసిస్ వెంట వెళ్లే ఇనుప పైపు కదలదు. చక్రం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ రెండింటినీ కలిపేది వంగే రబ్బరు గొట్టం. స్ప్రింగు ఎంత సాగుతుందో చూసుకుని, దానికి తగ్గ పొడవే కంపెనీ ఇస్తుంది. మనం బండిని మూడంగుళాలు లేపామంటే చాసిస్ పైకి పోతుంది, ఇరుసు కిందే ఉంటుంది. గొట్టం మాత్రం అంతే ఉంటుంది.

"అన్నా, బండి నిలబడి ఉన్నప్పుడు గొట్టం వదులుగానే ఉందిగా, మార్చడం ఎందుకు?" అని ఒక తమ్ముడు అడిగాడు. చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, షాకులు బిగించే ఉంచి, వెనక ఇరుసును వేలాడనిచ్చాం. వదులుగా కనిపించిన గొట్టం వింటినారిలా బిగిసింది. దారిలో ఒక చక్రం గోతిలోకి జారితే జరిగేదీ అదే. కిందికి దిగే ఇరుసును ఆపాల్సింది షాకు. ఆ పని గొట్టం మీద పడితే అది చిరుగుతుంది, లేదా కొస దగ్గర ఊడి వస్తుంది. ఈ కాలపు బండ్లలో బ్రేకు వ్యవస్థను రెండు భాగాలు చేస్తారు కాబట్టి రెండోది పనిచేస్తుంది. కానీ దిగుడు దారిలో సగం బ్రేకుతో బండి దించడం ఎవరికీ రాకూడని పరీక్ష.

అందుకే కొలత ఎప్పుడూ ఇరుసు పూర్తిగా వేలాడినప్పుడే తీయాలి. ముందు చక్రాలను రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. తర్వాత స్ప్రింగు పూర్తిగా నొక్కుకున్నప్పుడూ చూడాలి. మరీ పొడవైన గొట్టం టైరుకు రాసుకుంటుంది, స్ప్రింగులో చిక్కుకుంటుంది.

కొద్దిపాటి ఎత్తుకు చాసిస్ దగ్గరి కొసను కిందికి దించే బ్రాకెట్ చాలాసార్లు సరిపోతుంది. అంతకు మించితే పొడవైన గొట్టమే వేయాలి. రెండు గొట్టాలను అతికించడం, ఇనుప పైపును కోసి నీటి పైపులకు వాడే కంప్రెషన్ జాయింటు వేయడం బ్రేకులకు పనికిరావు. పైపు కోయక తప్పకపోతే కొస అంచును రెండు మడతలుగా విప్పార్చే డబుల్ ఫ్లేర్ కొట్టాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు ఇనుప పైపును తినేస్తుంది. అందుకే నేను రాగి, నికెల్ కలిసిన పైపు వాడతాను. అది చేత్తో వంగుతుంది, తుప్పును తట్టుకుంటుంది.

గొట్టం కొనేటప్పుడు దాని మీద అమెరికా రవాణా శాఖ డాట్ (DOT) ముద్ర చూడండి. అమెరికా వాహన భద్రతా ప్రమాణం 106 ప్రకారం అది చదరపు అంగుళానికి 4,000 పౌండ్ల ఒత్తిడిని రెండు నిమిషాలు తట్టుకోవాలి, యంత్రం మీద 35 గంటలు ఆగకుండా ఊగినా పగలకూడదు. చాలా గొట్టాల మీద పొడవునా గీతలుంటాయి. బిగించాక గీత మెలితిరిగితే గొట్టమూ మెలితిరిగినట్టే. బోల్టు దగ్గరి రాగి వాషర్లు ప్రతిసారీ కొత్తవే వేయాలి. కాలిపర్‌ను గొట్టానికి వేలాడదీయకుండా తీగతో పైకి కట్టాలి.

పాత టయోటా పికప్‌లలో, మొదటి తరం టకోమాల్లో ఇంకో సంగతి ఉంది. వెనక ఇరుసు నుంచి ఒక కడ్డీ బరువును కనిపెట్టే వాల్వుకు వెళ్తుంది. బండి మీద బరువు పడితే వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచడం దాని పని. బండిని లేపితే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకులను తగ్గిస్తుంది. ఇరుసు దగ్గర కడ్డీ కొసను బ్రాకెట్‌తో ఎత్తకపోతే కొత్త గొట్టం వేసినా పని సగమే అయినట్టు.

చివరగా గాలి తీయాలి. బ్రేక్ ఆయిల్ నొక్కుకోదు, గాలి నొక్కుకుంటుంది. పెడల్ మెత్తబడేది అందుకే. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రావడం చాలా ట్రక్కుల్లో పద్ధతి. మీ బండి మాన్యువల్ వేరే వరస చెబితే అదే పాటించండి. ఆయిల్ ఎప్పుడూ కొత్త డబ్బా నుంచే పోయాలి. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ పీల్చాక ఆ హద్దు 140కి పడిపోతుంది. కొండ దిగేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

ఈ పని మీద నాకింత పట్టింపు ఉండడానికి కారణం ఒక్కటే. ఎత్తు అందరికీ కనిపిస్తుంది. గొట్టం కింద దూరినవాడికి తప్ప కనిపించదు. కానీ పక్క సీట్లో కూర్చున్నవాళ్లూ, ఎదురుగా వచ్చే బండిలోవాళ్లూ దాన్నే నమ్ముకుని ఉంటారు. కాబట్టి లిఫ్ట్ కిట్ కొనే రోజే పొడవైన గొట్టాలూ కొనండి. వాటిని బిగించి, గాలి తీసి, పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి ఎక్కడా చెమ్మ లేదని చూసుకునేదాకా బండిని రోడ్డెక్కించకండి.