కాంటో దారికి ఆరుగురు

పోకెమాన్ ఫైర్‌రెడ్‌లో మొదటి తోడుగా నిప్పు టైప్ చార్మాండర్‌ని ఎంచుకున్నవాళ్లకి మొదటి ఎదురుదెబ్బ ప్యూటర్ సిటీలోనే తగులుతుంది. అక్కడి జిమ్ లీడర్ బ్రాక్ దగ్గర ఉన్నవి రెండే: లెవెల్ 12 జియోడూడ్, లెవెల్ 14 ఓనిక్స్. రెండూ రాక్, గ్రౌండ్ టైపులు కలిసినవి. రాక్ టైప్ మీద నిప్పు సగమే పనిచేస్తుంది. దాని బదులు ఎంచుకోగలిగే స్క్విర్టిల్ నీళ్లు కొట్టినా, బల్బసార్ తీగతో కొట్టినా దెబ్బ నాలుగింతలు పడుతుంది. చార్మాండర్ చేతిలో ఉన్నవాడు మాత్రం గడ్డిలో తిరిగి తిరిగి లెవెల్ పెంచుకుంటాడు, లేదా లెవెల్ 13లో వచ్చే మెటల్ క్లా కోసం కాచుకుని కూర్చుంటాడు.

ఇంకో దారి ఉంది. వెనక్కి నాలుగడుగులు వేసి విరిడియన్ సిటీకి పడమరగా, రూట్ 22 గడ్డిలో వెతికితే మాన్కీ దొరుకుతుంది. చూడ్డానికి చిరుకోపపు కోతి. దీనికి తొందరగానే లో కిక్ వస్తుంది. ఆ మూవ్ దెబ్బ అవతలివాడి బరువును బట్టి మారుతుంది: బరువు ఎంత ఎక్కువైతే తన్ను అంత గట్టిగా పడుతుంది. ఓనిక్స్ బరువు 210 కిలోలు. 200 దాటితే ఆ మూవ్‌కి అందాల్సిన పూర్తి బలం, 120, అందుతుంది. పైగా ఫైటింగ్ టైప్‌కి రాక్ లోకువ కాబట్టి దెబ్బ రెండింతలు, మాన్కీది సొంత టైప్ మూవ్ కాబట్టి మరో ఒకటిన్నర రెట్లు. 8.8 మీటర్ల రాతి పాము అరమీటరు కోతి తన్నుకు కూలిపోతుంది. జియోడూడ్ బరువు 20 కిలోలే, దాని మీద అదే తన్ను బలం 40కి పడిపోతుంది. ఇంత లెక్క ఒక్క కాలితన్నులో దాచిపెట్టారు.

కథ నడిచే ఆటలో జట్టు కట్టడం అంటే ఏమిటో తెలియాలంటే ఈ మాన్కీని ఎక్కడ పెట్టారో చూస్తే చాలు. బ్రాక్ అనే ప్రశ్న పక్కనే జవాబును గడ్డిలో వదిలేశారు. తర్వాతి జిమ్‌లో మిస్టీ నీటి టైప్ స్టార్మీతో ఎదురవుతుంది. ఆ ఊరికి ఉత్తరాన రూట్ 24లో గడ్డి టైప్ ఆడిష్ దొరుకుతుంది. మూడో జిమ్‌లో లెఫ్టినెంట్ సర్జ్ కరెంటుతో కొడతాడు. ఆ ఊరి పక్కనే డిగ్లెట్ గుహ ఉంది, గ్రౌండ్ టైప్‌కి కరెంటు అసలు అంటదు. దారిలో ఎదురైనవాటిని పట్టించుకోకుండా పరిగెత్తేవాడికి ఆట కష్టమనిపిస్తుంది. పొదల్లో చెయ్యి పెట్టి చూసేవాడికి ఆటే జట్టు కట్టడం నేర్పుతుంది.

అసలు ఈ ఆట పుట్టుకలోనే పొదల్లో చెయ్యి పెట్టే అలవాటు ఉంది. తొలి పోకెమాన్ ఆటలు రెడ్, గ్రీన్ జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27న గేమ్ బాయ్ మీద వచ్చాయి. వాటిని తలపెట్టిన సతోషి తజిరి చిన్నప్పుడు టోక్యో శివారులో పురుగుల్ని పట్టి పోగేసిన మనిషి. ఆ ఆటనే 2004లో గేమ్ బాయ్ అడ్వాన్స్ కోసం కొత్తగా చెక్కి ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ అని ఇచ్చారు. మన దగ్గర గేమ్ బాయ్ కొన్న ఇళ్లు తక్కువే. కార్టూన్ నెట్‌వర్క్‌లో యాష్‌ని, పికాచూని చూసి పెరిగిన తెలుగు పిల్లలు చాలామంది ఈ ఆట జరిగే కాంటో నేల మీద మొదట అడుగుపెట్టింది కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో, ఎమ్యులేటర్ మీద. వాళ్ల జట్లు చూస్తే ఒక పోలిక కనబడుతుంది: లెవెల్ 60 దాటిన చారిజార్డ్ ఒకటి, దాని వెనక లెవెల్ 20 కూడా అందుకోని అయిదుగురు.

దీన్ని తప్పు అనను. కథ పూర్తి చెయ్యడానికి అది చాలు. ఆటలో ప్రతి చిక్కునూ లెవెల్ అనే సుత్తితో బాదొచ్చు. కానీ అలా ఆడితే ఆటలో సగం చూడనట్టే. మిస్టీ, బ్లేన్, లాన్స్ లాంటి ప్రత్యర్థులు ఒకరికొకరు తేడా లేకుండా పోతారు. ఎంతసేపు గడ్డిలో తిరగాలి అన్న ఒక్క ప్రశ్నే మిగులుతుంది.

సమతూకం అనగానే చాలామంది ఆరు రంగులు ఏరుకుంటారు: ఒక నిప్పు, ఒక నీరు, ఒక గడ్డి, ఒక కరెంటు, ఒక పిట్ట, ఒక రాయి. మొదటిసారి ఆడేవాడికి ఇది చెడ్డ సలహా కాదు. కాకపోతే టైప్ అనేది పోకెమాన్ ఒంటికి ఉన్న రంగు మాత్రమే, కొట్టేది మూవ్. ఆరుగురు, తలా నాలుగు మూవ్‌లు, మొత్తం ఇరవై నాలుగు. జట్టు బలాన్ని ఈ ఇరవై నాలుగింటిలో వెతకాలి. సిల్ఫ్ కంపెనీ భవనంలో ఒక ఉద్యోగి ఊరికే ఇచ్చే లాప్రస్‌నే తీసుకోండి. లెవెల్ 25లో చేతికొస్తుంది, 31కి ఐస్ బీమ్ తనంతట తనే నేర్చుకుంటుంది. సర్ఫ్ నేర్పితే నీటి దెబ్బ. సెలడాన్‌లోని గేమ్ కార్నర్‌లో నాణేలు కూడబెట్టి థండర్‌బోల్ట్ నేర్పే టీఎం తెచ్చి వాడితే కరెంటు దెబ్బ కూడా. ఒక్క జీవి మూడు పోకెమాన్‌ల పని చేస్తుంది, మిగతా గూళ్లు ఇంకొకరికి ఖాళీ అవుతాయి. మౌంట్ మూన్‌లో దొరికే రాయితో నిడోకింగ్‌గా మారే నిడోరినో కూడా ఇదే కోవలోది. చాలా టీఎంలను కాదనదు.

ఆ టీఎంలు ఫైర్‌రెడ్‌లో ఒకసారి వాడితే అయిపోతాయి. ఎన్నిసార్లయినా వాడుకునే వీలు 2010లో బ్లాక్, వైట్ ఆటలతో వచ్చింది. అందుకే జిమ్ లీడర్ జియొవానీని ఓడించాక ఇచ్చే ఎర్త్‌క్వేక్‌ని ఎవరికి నేర్పాలన్నది స్నేహితుల మధ్య తెగని వాదం. నిడోకింగ్‌కే అని నా ఓటు. డగ్‌ట్రియో అనేవాళ్లకి వేగం మీద మోజు, స్నోర్లాక్స్ అనేవాళ్లకి ఓపిక ఎక్కువ.

ఫైర్‌రెడ్ ఆడేవాళ్లు మరిచిపోయే సంగతి ఇంకొకటి ఉంది. ఈ ఆటలో దెబ్బ ఒంటి బలంతో పడుతుందా, స్పెషల్ అటాక్‌తో పడుతుందా అన్నది మూవ్‌ని బట్టి కాక, టైప్‌ని బట్టి తేలుతుంది. నిప్పు, నీరు, గడ్డి, కరెంటు, మంచు, సైకిక్, డ్రాగన్, డార్క్ ఇవన్నీ స్పెషల్. మిగతావి ఫిజికల్. దీంతో బలైపోయింది హిట్మన్‌చాన్. పేరుకు బాక్సర్. నిప్పు గుద్దు, మంచు గుద్దు, పిడుగు గుద్దు మూడూ నేర్చుకుంటాడు. చదివితే సర్వటైప్ సంహారి అనిపిస్తాడు. కానీ ఆ మూడు గుద్దులూ స్పెషల్ కిందికి వస్తాయి, అతని స్పెషల్ అటాక్ బేస్ విలువ 35. పిడికిలిలో మంటలు లేస్తాయి, అవతలివాడికి చురుకు కూడా తగలదు. గయారడోస్‌కి కూడా కొంత ఇదే గోల: అటాక్ 125, స్పెషల్ అటాక్ 60, తన సొంత నీరు ఆ రెండో లెక్కలోకి పోతుంది. 2006లో డైమండ్, పెర్ల్ వచ్చాక ఏ మూవ్‌కి ఆ మూవ్ లెక్క విడిగా కట్టారు. అందుకే కొత్త ఆటలకు రాసిన సలహాలు పట్టుకుని ఫైర్‌రెడ్ జట్టు కడితే బోల్తా పడతాం.

దెబ్బల గొడవ వదిలి బటర్‌ఫ్రీ దగ్గరికి రండి. విరిడియన్ అడవిలో పట్టిన గొంగళిపురుగు లెవెల్ 10కే సీతాకోకచిలుక అవుతుంది. తర్వాత దాని బలం పెద్దగా పెరగదు, ఆట సగానికి వచ్చేసరికి పెట్టెలోకి పంపేస్తారు. నేనైతే తొందరపడొద్దంటాను. లెవెల్ 15లో దానికి స్లీప్ పౌడర్ వస్తుంది. మామూలుగా ఆ పొడి నూటికి 75 సార్లు తగులుతుంది. బటర్‌ఫ్రీకున్న కాంపౌండ్ ఐస్ గుణం ఆ 75ని 97.5 చేస్తుంది. ఎదుటివాడు నిద్రలో ఉండగా రెండు మూడు వంతులు మనవే. దారికడ్డంగా పడుకున్న స్నోర్లాక్స్‌ని ఫ్లూట్ ఊది లేపి మళ్లీ నిద్రపుచ్చి పట్టడానికి ఇంతకంటే మంచి చెయ్యి లేదు.

అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్లెవరన్న సామెత ఈ ఆటలో అక్షరాలా వర్తించేది దారి తెరిచే హెచ్‌ఎం మూవ్‌ల దగ్గర. చెట్టు నరకడానికి కట్, సముద్రం దాటడానికి సర్ఫ్, బండ తొయ్యడానికి స్ట్రెంగ్త్, ఊరి నుంచి ఊరికి ఎగరడానికి ఫ్లై, చీకటి గుహలో వెలుగుకి ఫ్లాష్. ఒకసారి నేర్పితే మామూలుగా మరిచిపోవు, ఫ్యూషియాలో ఉన్న ముసలాయన దగ్గరికి వెళ్లి మరిపించుకోవాల్సిందే. కట్, ఫ్లాష్ యుద్ధంలో దండగ. వాటిని ముఖ్యమైనవాళ్లకి నేర్పితే నాలుగు మూవ్‌ల గూటిలో రెండు పాడవుతాయి. అనుభవజ్ఞులు ఒక బండచాకిరీ పోకెమాన్‌ని విడిగా పెట్టుకుని, అవసరమున్న దారిలోనే వెంట తీసుకెళ్తారు. సర్ఫ్ సంగతి వేరు. దారి దాటించేదీ అదే, నీటి దెబ్బల్లో నమ్మకమైనదీ అదే. దాన్ని మంచి వాటర్ టైప్‌కే ఇవ్వాలి.

ఇక పెంపకం. అబ్రాకి మొదట్లో టెలిపోర్ట్ తప్ప ఏమీ రాదు, పట్టేలోపే మాయమవుతుంది. అయిదు వందలు పోసి కొనే మాజికార్ప్‌కి ఎగిరెగిరి పడటం తప్ప పని లేదు. ఇలాంటివాటిని జట్టులో ముందు నిలబెట్టి, యుద్ధం మొదలవగానే వెనక్కి పిలిచి, బలమైనదాన్ని దింపుతారు. బరిలో ఒక్కసారి మొహం చూపించినా ఎక్స్‌పీరియన్స్‌లో వాటా దొరుకుతుంది. నాలుగు ఊళ్ల పాటు మోసిన తర్వాత అది కదాబ్రానో గయారడోసో అవుతుంది. 2013లో ఎక్స్, వై ఆటల నుంచి ఎక్స్‌పీ షేర్ పెడితే జట్టులో అందరికీ వాటా వస్తోంది, తర్వాత్తర్వాత అది తీసెయ్యడానికి వీల్లేని ఏర్పాటు కూడా అయింది. ఆరుగుర్నీ సమంగా పెంచడం తేలికయింది. మాజికార్ప్‌ని మొయ్యడంలో ఉన్న మొండితనం మాత్రం పోయింది, నాకది కాస్త వెలితిగానే ఉంది.

కదాబ్రా అలకజామ్ కావాలంటే ఇంకొకరితో మార్పిడి చేసుకోవాలి. హాంటర్, మషోక్, గ్రావెలర్‌లదీ ఇదే కథ. రెండు గేమ్ బాయ్‌లు, తోటి ఆటగాడు ఉన్న జపాన్ పిల్లల కోసం పెట్టిన షరతు ఇది. కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఫోన్ మీద ఆడేవాడికి కదాబ్రా చివరిదాకా కదాబ్రానే. అతను జట్టు కట్టేటప్పుడే ఆ నాలుగింటినీ పక్కన పెట్టడమో, ఉన్న బలంతో సరిపెట్టుకోవడమో చెయ్యాలి. కదాబ్రాతో సరిపెట్టుకోవచ్చు, గ్రావెలర్‌తో కష్టం.

ఎనిమిది బ్యాడ్జీలు వచ్చాక ఇండిగో ప్లాటో. ఇక్కడ వరసగా అయిదు యుద్ధాలు, మధ్యలో పోకెమాన్ సెంటర్ లేదు. 3000కి ఫుల్ రిస్టోర్, 1500కి రివైవ్. డబ్బంతా ఇక్కడే కరుగుతుంది. ఇక్కడి నలుగురు ఎలీట్లలో లాన్స్ అంటే భయం ఎక్కువ, లెవెల్ 60 డ్రాగనైట్ వల్ల. కాగితం మీద రాసుకుంటే భయం తగ్గుతుంది. డ్రాగనైట్, డ్రాగనేర్‌లు రెండు, ఏరోడాక్టిల్ అన్నింటికీ మంచంటే పడదు. డ్రాగనైట్‌కైతే డ్రాగన్, ఫ్లయింగ్ రెండు టైపులూ ఉండటంతో నాలుగింతలు. మిగిలిన గయారడోస్ వాటర్, ఫ్లయింగ్ కాబట్టి కరెంటుకు నాలుగింతలు. ఐస్ బీమ్, థండర్‌బోల్ట్ ఉన్న ఒక్క లాప్రస్ లాన్స్ గది మొత్తాన్ని ఊడ్చెయ్యగలదు. లోరెలీ మంచు, బ్రూనో కండలు, అగాథా విషపు దెయ్యాలు, వీళ్లు ఒక్కొక్క పద్ధతిలో కొట్టేవాళ్లు, కాబట్టి ఒక్కొక్క మందుకే లొంగుతారు.

వీళ్ల తర్వాత గదిలో ఉండేది మనతో పాటే బయల్దేరిన పోటీదారు. చార్మాండర్‌తో మొదలుపెట్టినవాడికి అతను చూపించేది ఇది: పిజియాట్, అలకజామ్, రైడాన్, ఎగ్జెగ్యుటర్, ఆర్కనైన్, చివర లెవెల్ 63 బ్లాస్టాయిజ్. పిట్ట, సైకిక్, రాయి-నేల, గడ్డి, నిప్పు, నీరు. కాంటోలో ఎనిమిదిమంది జిమ్ లీడర్లు, నలుగురు ఎలీట్లు తమ తమ టైప్‌నో పద్ధతినో పట్టుకుని వేలాడితే, దారంతా తిరిగి అన్ని రకాలూ కూర్చుకున్నవాడు ఇతనొక్కడే. అందుకే మనకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఇతని మీద ఒకే మందు పారదు. పిజియాట్‌కి పనికొచ్చిన కరెంటు రైడాన్‌ని అంటదు. రైడాన్‌ని కూల్చిన నీరు ఎగ్జెగ్యుటర్ దగ్గర సగమవుతుంది. ఎగ్జెగ్యుటర్‌ని కాల్చిన చారిజార్డ్ బ్లాస్టాయిజ్ ముందు నిలబడలేదు. అక్కడికి రూట్ 24లో పట్టుకున్న ఆడిష్, ఇప్పుడు వైల్‌ప్లూమ్ అయి, రావాలి.