మేకవన్నె పులి చాటున తోడేలు

సింగపూరులోని పాయా లేబర్ పేరుకు మలయ్ భాషలో విశాలమైన చిత్తడినేల అని అర్థం. ఆ చిత్తడి ఇప్పుడు లేదు. 1955లో అక్కడ విమానాశ్రయం వెలిసింది. 1981లో చాంగీ వచ్చాక అది సైనిక స్థావరమైంది. పేరు మాత్రం మిగిలింది. ఆ పరిసరాలలోని ఏ తెలుగు ఇంటనైనా పెరిగే పిల్లకు ఒకే కథ రెండు విధాలుగా చేరుతుంది. బడిలో ఇంగ్లీషులో చదివినప్పుడు గొర్రెలు కాసే కుర్రవాడు తోడేలు వచ్చిందని అబద్ధపు కేక పెడతాడు. ఇంట్లో అమ్మమ్మ చెప్పినప్పుడు వాడి కేక ‘నాన్నా, పులి!’. ఆ దీవిలో తోడేలు లేదు. పులి ఉండేది, పంతొమ్మిదో శతాబ్దంలో గాంబియర్ తోటల కూలీలను పొట్టనబెట్టుకునేది, 1930ల నాటికి అంతరించింది. అమ్మమ్మ కథ సింగపూరు చరిత్రకు అతకడం కాకతాళీయం. అది పుట్టి పెరిగిన తెలుగు నేలకు ఎంతవరకు అతుకుతుందన్నదే విచారించవలసిన సంగతి.

ఈసపు కథలో మందమీద పడేది తోడేలే. తెలుగులో అది పులిగా మారడం ఎవరో ఒక అనువాదకుని ఇష్టాయిష్టాల వల్ల జరిగిందనుకోవడానికి వీల్లేదు. ఇంగ్లీషువారు గొర్రెతోలు కప్పుకున్న తోడేలు అనేచోట తెలుగువారు మేకవన్నె పులి అంటారు. సంస్కృతం వైపు మొగ్గితే గోముఖ వ్యాఘ్రం అంటారు. అరుగుల మీద గీసుకుని ఆడుకున్నది పులి-మేక ఆట. మందకూ వేటజంతువుకూ పోటీ వచ్చిన ప్రతిచోటా నుడికారం పులినే నిలబెట్టింది. కాని రాయలసీమ బయళ్ళలో, తెలంగాణ మెట్టల్లో గొర్రెల కాపరి రాత్రి మేలుకుని కాపలా కాసింది ఎక్కువగా తోడేలు కోసం. పులి ఉండేది అడవిలో. మంద తిరిగేది బీడులో. కన్నడంలోని ‘తోళ’కు తోబుట్టువైన ‘తోడేలు’ అచ్చమైన పాత ద్రావిడ పదం. ఆ మృగం ఇక్కడివారికి కొత్తది కాదు. కథలు చెప్పినవారికీ సామెతలు గుదిగుచ్చినవారికీ అది పట్టలేదు, అంతే.

తోడేలును కాపాడాలని రాసే వ్యాసాలు సాధారణంగా జనంలోని ద్వేషం మీద విరుచుకుపడతాయి. ఐరోపాకు ఆ వాదం చెల్లుతుంది. తెలుగుకు అంతగా చెల్లదు. మేకపిల్లతో వాదించే తోడేలు ఈసపు కథల వెంట వచ్చింది. గొర్రెతోలు తోడేలు బైబిలు అనువాదాల వెంట వచ్చింది. ఎర్రటోపీ పాపను మింగినది ఇంగ్లీషు బడుల వెంట వచ్చింది. అంతకు ముందరి సంప్రదాయంలో దానికి దక్కిన చోటు చిన్నదే అయినా హీనమైనది కాదు. భీమునికి వృకోదరుడన్న పేరు తోడేలు ఆకలిని బట్టి వచ్చింది, అందులో నింద లేదు. ఋగ్వేదంలోని ఋజ్రాశ్వుడు ఆడతోడేలుకు గొర్రెలను ఆహారంగా ఇచ్చినందుకు తండ్రి అతన్ని గుడ్డివాణ్ణి చేస్తే, అశ్వినీదేవతలు చూపు తెచ్చి ఇచ్చారు. మందను నష్టపోయిన తండ్రి కోపమూ, తోడేలు ఆకలిని గుర్తించిన కొడుకు జాలీ ఒకే కథలో ఇమిడిన ఇటువంటి ఉదాహరణ తర్వాతి సాహిత్యంలో అరుదు. తెలుగులో తోడేలుకు పట్టిన దురదృష్టం పగ కాదు, మరుపు. దానికి పులికున్న రాజసమూ లేదు, నక్కకున్న టక్కరితనమూ లేదు.

ఆ మరుపు పర్యవసానం సాహిత్యంతో ఆగలేదు. 1973లో పులికోసం ప్రత్యేక పథకం మొదలైంది. తోడేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చోటు దక్కింది, అంటే చంపడం నేరం. అక్కడితో సరి. 1875, 1925ల మధ్య బ్రిటిష్ భారతంలో బహుమానాల ఆశతో, వేటలో చంపిన తోడేళ్ళు రెండు లక్షలకు పైమాటేనని చరిత్రకారుడు మహేష్ రంగరాజన్ లెక్కకట్టారు. అదే కాలంలో చంపిన పులులు ఎనభైవేలకు పైగా. 2022లో వెలువడిన ఒక అంచనా ప్రకారం దేశంలో మిగిలిన ద్వీపకల్పపు తోడేళ్ళు సుమారు 3,170. అదే ఏటి గణనలో పులులు 3,682. పులుల లెక్క వెలువడితే పత్రికలకు పతాకశీర్షిక. తోడేళ్ళ లెక్క ఎప్పుడు వచ్చిందో చాలామందికి తెలియదు. 1831లో సైక్స్ దక్కనులో చూసి శాస్త్రానికి పరిచయం చేసిన ఈ తోడేలు, ప్రపంచంలోని తోడేళ్ళ వంశవృక్షంలో అతి ప్రాచీనకాలంలో చీలిన కొమ్మలలో ఒకటని 2021 నాటి జన్యు పరిశోధన తేల్చింది. ఐరోపా, అమెరికా తోడేళ్ళు ఎన్ని పెరిగినా ఈ కొమ్మకు బదులు కావు.

తోడేలుతోపాటు విమర్శకు నిలబడవలసిన మరొక మాట ఉంది: బంజరు. కాపరి ఆ నేలను బీడు అంటాడు, గైరాన్ అంటాడు, మేత అంటాడు. రెవెన్యూ దస్త్రానికి అది పన్ను రాని నేల. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసిన దేశపు బంజరుభూముల అట్లాసులో పొదలు మొలిచిన నేల కూడా పనికిరాని భూమి కిందనే నమోదైంది. పనికిరానిదని రాసి ఉన్నచోట ఏది కట్టినా అభ్యంతరం చెప్పే అధికారి ఉండడు. తోడేలును చంపితే జైలు. తోడేలు పిల్లలను పెట్టే గుట్టను యంత్రాలతో చదును చేస్తే అభివృద్ధి.

కర్నూలు జిల్లాలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడు ఇందుకు సాక్ష్యం. 1988లో బట్టమేక పిట్ట కోసం అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు. ఒక తోడేళ్ళ కుటుంబం తిరిగే మేర వంద చదరపు కిలోమీటర్లు దాటుతుంది. కాలువ నీళ్ళొచ్చి చుట్టూ ఉన్న మేతబీళ్ళు సాగులోకి మారాయి. రైతుకు అది వరమే, కాదనడానికి ఎవరికీ హక్కు లేదు. పిట్ట దాదాపు కనుమరుగైంది. కృష్ణజింకలు మాత్రం పెరిగి చేలమీద పడుతున్నాయని రైతుల ఫిర్యాదు. ఆ జింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాన్ని వేటాడి అదుపులో ఉంచగల తోడేలు గురించి ఆ ఫిర్యాదుల చర్చలో ఒక్క మాట వినిపించడం అరుదు.

అమెరికాలోని ఎల్లోస్టోన్ కథను తెచ్చి ఇక్కడ అతికించడం ఇంకొక పొరపాటు. 1995, 96లలో కెనడా నుంచి 31 తోడేళ్ళను తెచ్చి అక్కడ వదిలిపెట్టారు; అవి నదుల దారినే మార్చాయన్న ప్రచారం లోకమంతా పాకింది. ఆ ముచ్చటలోని అతిశయాన్ని జీవావరణ శాస్త్రజ్ఞులే ప్రశ్నించారు. పైగా అది కాపరులను, ఊళ్ళను మినహాయించిన ఉద్యానవనం. దక్కను తోడేలు పొలాల గట్లమీద, మందల అంచుల్లో బతుకుతుంది. దాన్ని ఎక్కడినుంచో తేనక్కరలేదు. ఉన్నచోట ఉండనిస్తే చాలు.

తోడేలు మనిషికి హాని చేయదని బుకాయించడం కూడా తగదు. 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లో డెబ్బైకి పైగా పిల్లలు దాడులకు గురయ్యారు. 2024లో బహ్రాయిచ్‌లో మళ్ళీ పసివాళ్ళు చనిపోయారు. సహజమైన ఎర లేని నేల, తలుపుల్లేని ఇళ్ళు, ఆరుబయట నిద్ర, ఇవన్నీ ఆ మరణాల వెనుక ఉన్నాయి. తోడేళ్ళతో ఏళ్ళ తరబడి కలిసి మసలే దక్కను కాపరి సమస్య వేరు. అతడు పోగొట్టుకునేది గొర్రెపిల్లను. పరిహారం అడిగితే కళేబరం చూపమంటారు. తోడేలు నోట కరుచుకుని పోయినదానికి కళేబరం ఎక్కడ దొరుకుతుంది? ఋజ్రాశ్వుని తండ్రి కోపం ఇక్కడ నిజమైన కోపం. దాన్ని తీర్చకుండా అడిగే దయ కాపరి జేబులోంచి తీసిన దయ అవుతుంది.

కళేబరం లేకున్నా తోటి కాపరుల సాక్ష్యంతో పరిహారం ఇవ్వవచ్చు. చలికాలంలో తోడేళ్ళు పిల్లలను పెట్టే గుట్టల్లో క్వారీ పనులను ఆ నెలలకైనా ఆపవచ్చు. ఊరకుక్కలకు టీకాలు వేయించడం మరీ అవసరం. రేబిస్, డిస్టెంపర్ వాటినుంచే తోడేళ్ళకు పాకుతాయి, పుణె దగ్గర తోడేలుకూ కుక్కకూ పుట్టిన సంకర సంతతి కూడా 2023లో జన్యుపరీక్షలో బయటపడింది. ఝార్ఖండ్‌లోని మహువాడాండ్‌లో తోడేళ్ళకోసం 1976లోనే అభయారణ్యం ఏర్పడింది. రాయలసీమకు కూతవేటు దూరంలో, తెలుగు వినిపించే కొప్పళ జిల్లాలో, బంకాపుర దగ్గర కర్ణాటక ఇటీవల 332 హెక్టార్లను తోడేలు పేరిట కేటాయించింది. ఆంధ్రప్రదేశ్‌లో గాని తెలంగాణలో గాని తోడేలు పేరుతో ఒక్క ఎకరా లేదు.