విశేష్యం తప్పిపోయిన విశేషణం: అమెరికాలో తెలుగు ఇంటిపేరు

అమెరికా దరఖాస్తుల్లో ‘లాస్ట్ నేమ్’ అని ఉన్న గడిని తెలుగువారు ‘ఇంటిపేరు’ అని అర్థం చేసుకొని పూరిస్తారు. ఈ అనువాదం బాగా అలవాటైపోవడం వల్ల, రెండూ ఒకటేనా అన్న ప్రశ్న ఎవరికీ తోచదు. నిజానికి ‘లాస్ట్’ అన్నది పేరులో ఆ పదం ఉండే స్థానాన్ని చెబుతుంది. ‘ఇంటి’ అన్నది ఆ మనిషికి ఒక కుటుంబంతో ఉన్న సంబంధాన్ని చెబుతుంది. స్థానం మారితే ఈ సంబంధం ఏమవుతుందన్నది వ్యాకరణం దగ్గర మొదలుపెట్టి చూడవలసిన విషయం.

తెలుగు ఇంటిపేర్లలో చాలా భాగం స్వతంత్రంగా నిలిచే నామాలు కావు. అవి ఔపవిభక్తిక రూపాలు, అంటే తరువాత మరొక నామం రావాలని కోరే రూపాలు. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ఊరిపేరు చివర ‘పాడు’ ఉంటే ఇంటిపేరులో అది ‘పాటి’ అవుతుంది. కాడు కాటి అయినట్టే, నాడు నాటి అయినట్టే. ఊరితో సంబంధం లేని పేర్లలోనూ ఇదే తీరు: ద్వివేదులు ద్వివేదుల, సోమయాజులు సోమయాజుల, మిరియాలు మిరియాల. కాబట్టి ‘కందుకూరి వీరేశలింగం’ అన్నది రెండు పేర్ల జంట కాదు, ఒక పదబంధం. ‘కందుకూరివారు’, ‘కందుకూరివారబ్బాయి’ అన్న వాడుకల్లోనూ ఆ ఇకారం తరువాతి మాట కోసమే ఉన్నది. ‘వీరేశలింగం కందుకూరి’ అన్నప్పుడు విశేషణం చివరకు చేరి, విశేష్యం లేకుండా మిగిలిపోతుంది. అన్ని ఇంటిపేర్లూ ఈ సూత్రానికి లొంగవు. గుర్రం జాషువా ఇంటిపేరు ‘గుర్రపు’ కాలేదు. అయినా లొంగేవే ఎక్కువ.

ఇలాంటి స్థానభ్రంశం తెలుగువారికే జరగలేదు. హంగేరియన్లు కూడా కుటుంబనామాన్నే ముందు రాస్తారు. ప్రిన్స్‌టన్‌లో స్థిరపడిన గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ స్వదేశంలో నాయ్‌మన్ యానోష్. 1913లో ఆయన తండ్రికి కులీన హోదా వచ్చినప్పుడు పేరుకు ముందు ‘మార్గిట్టాయి’ చేరింది. ‘మార్గిట్టా ఊరికి చెందిన’ అని దాని అర్థం, అచ్చంగా కందుకూరి వంటిదే. జర్మన్‌లోకి వెళ్ళేసరికి అది ‘వాన్’ అయింది. అమెరికాలో ఊరి పేరు పోయి, ‘యొక్క’ అన్న అర్థమిచ్చే ఆ మాట ఒక్కటే మిగిలింది. తెలుగు పేరులో ఇందుకు భిన్నంగా ఊరూ విభక్తీ రెండూ నిలిచాయి, వాటి తరువాత రావలసిన మనిషి ముందుకు వెళ్ళిపోయాడు. జపాన్ ప్రభుత్వం ఈ సమస్యను మరో దారిలో పరిష్కరించుకొంది. 2020 జనవరి నుంచి అధికారిక పత్రాల్లో, ఆంగ్లంలో రాసినా సరే, కుటుంబనామమే ముందు రాయాలని నిర్ణయించింది.

అయితే ఇంటిపేరుకు జరిగిన నష్టమంతా అమెరికా ఖాతాలో వేయడం న్యాయం కాదు. మూడు పేర్లను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. యెల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ విధానం ‘ఫిస్క్–సుబ్బారో పద్ధతి’గా ప్రసిద్ధమైంది. ఆయన మరణానంతరం ఒక శిలీంధ్ర ప్రజాతికి పెట్టిన పేరు కూడా ‘సుబ్బారోమైసిస్’. మంత్రి అన్న అర్థమున్న ‘ప్రగడ’ను దాచుకొన్న ఇంటిపేరుకు ఆ రెండింటిలోనూ చోటు లేదు. గణాంకశాస్త్రంలో ‘క్రామర్–రావు అవధి’ కల్యంపూడి రాధాకృష్ణారావుది. అక్కడ నిలిచినది వ్యక్తినామమూ కాదు, ఇంటిపేరూ కాదు. వేలమంది పేర్ల చివర ఉండే గౌరవవాచకం. కానీ ఆయన అమెరికా రాకముందే, భారతదేశంలోనే సి. ఆర్. రావు. ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించే అలవాటు తెలుగుదేశంలోని బడులూ కచేరీలూ ముందే నేర్పాయి.

మూడవది ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ. ఐఏఎస్ అధికారి బి. ఎన్. యుగంధర్ పేరులో ‘నాదెళ్ళ’ ఒక్క అక్షరం. 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన ఆయన కుమారుడి పేరులో అదే ప్రపంచానికి తెలిసిన భాగం. అదే ఏటికి మిస్ అమెరికాగా ఎంపికైన నీనా దావులూరి విషయంలోనూ అంతే. స్వదేశంలో పొట్టి అక్షరంగా మారిన ఇంటిపేరును అమెరికా క్రమం పూర్తిగా పలికించింది.

ఈ మూడు దారుల ఫలితం రెండవ తరంలో తెలుస్తుంది. ‘లాస్ట్ నేమ్’ గడిలో ఒకరు ‘రావు’ అనీ, ఆయన సోదరుడు ‘ప్రసాద్’ అనీ రాసుకొంటే వారి పిల్లలు ఒకే ఇంటివారని కాగితాల మీద తెలిసే వీలు లేదు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారికి వీసా మీద ‘ఎఫ్. ఎన్. యు.’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని భావం. తల్లిదండ్రులు ఏరికోరి పెట్టిన పేరున్న మనిషికి ఇది విచిత్రమైన గుర్తింపు.

ఇంటిపేరు పోవడాన్ని ప్రతిసారీ నష్టంగానే లెక్కించలేం. ఇంటిపేరు వినగానే కులం ఊహించడం తెలుగువారి పాత అలవాటు. సముద్రం దాటినంత మాత్రాన అది పోలేదు. 2023లో సియాటిల్ నగర మండలి కుల వివక్షను నిషేధించవలసి వచ్చింది. ఆ ఊహకు అందకుండా ఉండడానికి ఇంటిపేరు వదులుకొన్నవారిది మరుపు కాదు, నిర్ణయం. వారిని మూలాలు మరిచారని నిందించడం తగదు.

తెలిసి వదలడానికీ, గడి చాలక జారవిడవడానికీ మధ్య తేడా మాత్రం ఉంది. గడుల క్రమాన్ని ఏ కుటుంబమూ మార్చలేదు. అయితే ఇంటిపేరును ‘మిడిల్ నేమ్’గానైనా నిలుపుకోవడానికి వీలుంది. దానికంటే ముఖ్యంగా, ‘దావులూరి’ వెనుక దావులూరు అనే ఊరు ఉందనీ, చివరి ఇకారం ‘ఆ ఊరి’ అని చెబుతోందనీ పిల్లలకు ఒకసారి వివరించవచ్చు. ఆ పేరు ఉంచుకోవాలో వద్దో తేల్చుకోవలసినప్పుడు, దాని అర్థమేమిటో వారికి తెలిసి ఉంటుంది.