మేకుకి వేలాడే ఏడాది

మా వంటింటి గుమ్మం పక్కన గోడకి ఒక మేకు ఉంది. ఇల్లు కట్టిన నాటి నుంచీ దానికి ఒకటే ఉద్యోగం, క్యాలెండరు మొయ్యడం. కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చింది ఒక ఏడాది, తిరుమల దేవస్థానం వారిది ఒక ఏడాది, కొనుక్కొచ్చిన వెంకట్రామా వారిది ఇంకో ఏడాది. ఏదొచ్చినా ఆ మేకుకే. ఇన్నేళ్ళూ దాన్ని చూశానే గానీ పట్టించుకోలేదు. మనవరాలికి నాలుగేళ్ళు నిండి, రోజుల గురించి అడగడం మొదలుపెట్టాకే ఆ కాగితంలో ఎంత పనితనం ఉందో తెలిసొచ్చింది.

"నిన్న అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్దాం తాతయ్యా" అనేది. సంక్రాంతికి ఎగరేసిన గాలిపటమూ నిన్నదే, పొద్దున తిన్న ఇడ్లీ కూడా నిన్నదే. ఆ వయసులో జరిగిపోయిందంతా నిన్న, జరగాల్సిందంతా రేపు. ఒక్కోసారి ఆ రెండూ తారుమారు. తెలుగు ఈ విషయంలో పిసినారి కాదు. హిందీలో 'కల్' అనే ఒక్క మాటే వెనక్కీ ముందుకీ పనిచేస్తుంది. మనకి నిన్న, మొన్న, అటుమొన్న ఒక వైపు, రేపు, ఎల్లుండి, ఆవలెల్లుండి ఇంకో వైపు విడివిడిగా ఉన్నాయి. కానీ ఎంత మంచి మాటైనా గాల్లో ఉంటుంది. పిల్లకి వేలు పెట్టి చూసుకోవడానికి ఒక చోటు కావాలి. గోడ మీది గడి ఆ చోటు. ఎల్లుండి అంటే రెండు గళ్ళు అవతల. మొన్న అంటే రెండు గళ్ళు ఇవతల. చెయ్యి అందుతుంది.

ముందు దాని కట్టుబడి చూడండి. పైన సన్నటి రేకు పట్టీ. అన్ని కాగితాల్నీ ఒక్క నొక్కుతో పట్టుకుంటుంది, మధ్యలో మేకుకి తగిలించే కొక్కెం. ఆ పట్టీ బిగువు వల్లే అంత పెద్ద కాగితం చుట్టుకుపోకుండా గోడకి అతుక్కున్నట్టు నిలబడుతుంది. నెల మారితే చించక్కర్లేదు, ఎత్తి వెనక్కి వేస్తే చాలు. అయిపోయిన నెల ఎక్కడికీ పోదు, కొత్త నెలకీ గోడకీ మధ్య దాక్కుని ఉంటుంది. "పోయిన నెల ఏది?" అని పిల్ల అడిగితే కాగితం ఎత్తి చూపించొచ్చు. ఫోనులోనూ క్యాలెండరు ఉంది గానీ, గడిచిన రోజులు అలా వీపు వెనక ఉన్నట్టు అది చూపించలేదు.

ఇక అంకెలు. పొయ్యి దగ్గర నుంచుని పోపు వేస్తూ చూసినా తేదీ కనబడాలి. అందుకే అంత లావు. కొన్ని క్యాలెండర్లలో వారాలు అడ్డంగా సాగుతాయి, మా ఇంట్లోది నిలువుది. ఎడమ అంచున ఆది నుంచి శని దాకా ఏడు పేర్లు ఒకదాని కింద ఒకటి. తేదీలు పైనుంచి కిందికి దిగి, మళ్ళీ పక్క వరుస పైకెక్కుతాయి. దీనివల్ల ఆదివారాలన్నీ పైన ఒకే బారున, ఎర్రగా, దండకి గుచ్చినట్టు ఉంటాయి. చదవడం రాని పిల్లకి ఆ ఎరుపే మొదటి అక్షరం. ఎర్ర రోజు అంటే నాన్న ఇంట్లో ఉండే రోజు. ఒక ఎర్ర అంకె నుంచి ఇంకో ఎర్ర అంకెకి వేలు జరిపితే ఏడు గళ్ళు. మధ్యలో ఇంకెక్కడైనా ఎరుపు తగిలితే పండగ. వారం అంటే మళ్ళీ మళ్ళీ వచ్చేదని మేమెవ్వరం చెప్పలేదు, వేలే చెప్పింది.

ఒక్కోసారి సూర్యుడూ అచ్చాఫీసూ మాట్లాడుకున్నాయా అనిపిస్తుంది. 2026 ఫిబ్రవరి కాగితం చూశారా? నెల ఆదివారంతో మొదలై 28న శనివారంతో ముగిసింది. నాలుగు వరుసలు, ఒక్క ఖాళీ గడి లేదు, ఒక్క అంకె పొర్లిపోలేదు. ఇంతకు ముందు 2015లో అలా కుదిరింది, మళ్ళీ కుదిరేది 2037లోనే. ఆ 2026లోనే ఆగస్టు దీనికి సరిగ్గా వ్యతిరేకం. శనివారం మొదలు, 31 రోజులు. ఆరు వరుసలు కావాలి, కాగితంలో ఉన్నవి అయిదే. దాంతో 30, 31 తేదీల్ని తీసుకెళ్ళి మొదటి వరుస పైన ఖాళీగా ఉన్న ఆది, సోమ గళ్ళలో కూర్చోబెట్టారు. కాగితాలు తిరగేస్తున్న పిల్ల వెంటనే పట్టేసింది. "ముప్ఫై ఒకటి అయ్యాక ఒకటో తేదీ వస్తుందా తాతయ్యా?" పెద్దవాళ్ళ కంటికి అది సర్దుబాటు, పిల్ల లెక్కకి తిరకాసు. "ఆలస్యంగా వచ్చారు కదమ్మా, ముందు బెంచీలే ఖాళీగా ఉన్నాయి" అన్నాను. ఒప్పుకుంది గానీ, మెచ్చుకోలేదు. ఈ ఒక్క చోట నేనూ పిల్ల వైపే.

ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని గడి లోపలికి రండి. లావు అంకె చుట్టూ చీమల బారులాంటి అక్షరాలు. తిథి, అది ముగిసే వేళ; నక్షత్రం, అది ముగిసే వేళ; వర్జ్యం, దుర్ముహూర్తం. అగ్గిపెట్టె కన్నా చిన్న చోటులో ఆకాశం సంగతులు ఇన్ని ఇమిడ్చారంటే, ఎక్కడ ఏ అక్షరం తగ్గించాలో తెలిసిన చెయ్యి అది. ఉ., మ., సా., రా., తె. అని రోజంతా అయిదు పొట్టి గుర్తుల్లోకి వచ్చేసింది. అందులో 'తె.' నాకు చాలా ఇష్టం. 'తె. 4-20' అని ఉంటే, గడియారం ప్రకారం అది మర్నాటి తేదీ. పంచాంగం ప్రకారం మాత్రం ఇంకా ఈ రోజే, ఎందుకంటే సూర్యుడు రాలేదు. పిల్లల లెక్క కూడా పంచాంగం లెక్కే. అర్ధరాత్రి పన్నెండింటికి రేపు వస్తుందంటే ఏ పిల్లా నమ్మదు. తెల్లారితేనే రేపు.

తిథి వేళలు రోజుకో రకంగా ఎందుకుంటాయో పెద్ద పిల్లలకి చెప్పొచ్చు. సూర్యుడికి చంద్రుడు పన్నెండు డిగ్రీలు ఎడం జరిగితే ఒక తిథి. చంద్రుడి నడక ఒకే వేగంతో ఉండదు కనక ఒక తిథి సుమారు 19 గంటల్లో ముగియొచ్చు, 26 గంటలు పట్టనూవచ్చు. చిన్నపిల్లకి ఇవన్నీ అక్కర్లేదు. ఆమె కోసం ఆ గళ్ళలో రెండు బొమ్మలున్నాయి: పౌర్ణమికి తెల్లటి సున్నా, అమావాస్యకి నల్లటి సున్నా. తెల్ల సున్నా ఉన్న రాత్రి మేం డాబా ఎక్కుతాం. కాగితం మీద ఉన్నది ఆకాశంలోనూ ఉందా అని సరిచూసుకుంటాం. నల్ల సున్నా రోజున ఎక్కితే చందమామ లేడు. "క్యాలెండరు నిజమే చెప్పింది" అని ఆమె దానికి మార్కులు వేసింది.

ఒకే కాగితం మీద రెండు కాలాలు కాపురం చేస్తున్నాయని పిల్లలకి పండగలే నేర్పుతాయి. సంక్రాంతి సూర్యుడి లెక్క, జనవరి నడుమ తన చోటు దాటదు. ఉగాది చంద్రుడి లెక్క. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులే, అందుకే ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. అలా జరుగుతూ పోతే ఉగాది చలికాలంలో పడాలి. పడకుండా అధికమాసం ఆపుతుంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది. దాంతో 2027 ఉగాది ఏప్రిల్ 7కి ముందుకొస్తుంది. క్యాలెండరు వేసేవాళ్ళు ఈ పెనుగులాట అంతా అంకెల కింద చిన్న అక్షరాల్లో, ఎవరికీ తల తిరక్కుండా నడిపించేస్తారు.

తెలంగాణ ఆడపిల్లలకి కాగితం అక్కర్లేని క్యాలెండరు ఒకటి ఉంది. బతుకమ్మ తొమ్మిది రోజులకీ తొమ్మిది పేర్లు: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఆరో రోజు అమ్మ అలిగింది కనక నైవేద్యం ఉండదు. తిండి పేరుతో రోజుని గుర్తుపెట్టుకోవడం, ఏమీ పెట్టని రోజుకి కూడా ఒక పేరు పెట్టడం! అట్ల రోజు ఎప్పుడని అడిగితే అయిదేళ్ళ పిల్ల వేళ్ళు మడిచి చెబుతుంది. అంకె ఆమెకి అప్పటికింకా కుదరకపోవచ్చు, వరుస మాత్రం తప్పదు.

గోడ క్యాలెండరుకి ఒక తమ్ముడున్నాడు, రోజుకో కాగితం చించేది. అట్టకి అంటించిన లావుపాటి కట్ట. ఇలాంటివి ఎక్కువగా తమిళనాడులోని శివకాశిలో తయారవుతాయి. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజున, అంటే మన ఆగస్టు మొదట్లో, అక్కడ పూజ చేసి కొత్త ఏడాది క్యాలెండర్ల పని మొదలుపెడతారు. మనం శ్రావణ శుక్రవారాల కోసం ఎదురుచూస్తుంటే వాళ్ళు వచ్చే జనవరిలో ఉంటారన్నమాట. ఈ కట్ట గొప్పతనం దాని మందం. జనవరిలో పిల్ల పిడికిలికి పట్టదు, డిసెంబరుకి గోరంత పలచన. ఏడాది ఎంతో, ఎంత మిగిలిందో తడిమి చూడొచ్చు.

దాని లోపమూ ఆ చించడంలోనే ఉంది. పోయిన నవంబరులో ఒక పొద్దున చూస్తే కట్టలో నాలుగు కాగితాలు ఒకేసారి మాయం. మనవరాలు వాటిని గుప్పిట్లో పెట్టుకుని నుంచుంది. "చింపేశాను, ఇంక ఇవాళే నా పుట్టినరోజు" అంది. కొత్త గౌను కూడా తీయించబోయింది. నవ్వొచ్చినా నవ్వలేదు, ఎందుకంటే ఆమె తర్కంలో తప్పు లేదు. రోజూ మేం కాగితం చించాకే కదా కొత్త రోజు వస్తోంది! అన్నం మెతుకులతో ఆ నాలుగింటినీ మళ్ళీ అంటించి, రోజుకొకటి చొప్పున ఆమె చేతే చింపించాం. మూడో రోజుకి ఆమే అంది: "మనం చింపితే రాదు, వచ్చాక చింపాలి."

పుట్టినరోజున మాంటిస్సోరి బడుల్లో ఒక పద్ధతి పాటిస్తారు. మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి సూర్యుడు. పిల్ల చేతిలో గ్లోబు పట్టుకుని, ఎన్నేళ్ళు నిండితే అన్ని చుట్లు దాని చుట్టూ తిరుగుతుంది. మేం కుందిలో దీపం పెట్టి, గ్లోబు లేక బత్తాయి ఇచ్చాం. అయిదు చుట్లు తిరిగింది. ఆ తర్వాత క్యాలెండరు దగ్గరికి వెళ్ళి, పన్నెండు కాగితాలూ ఎత్తి చూసి, "ఇదంతా ఒక్క చుట్టా!" అంది.

ఇంత పనితనంలోనూ తయారుచేసినవాళ్ళ తెలివి నాకు బాగా కనిపించేది అచ్చు లేని చోట, అంకె పక్కన వదిలిన కాస్త తెల్లటి జాగాలో. దాన్ని ఇల్లు నింపుతుంది. మా ఆవిడ పాల లెక్క అక్కడే: పాలు రాని రోజుకి ఇంటూ గుర్తు. గ్యాసు బండ మార్చిన రోజుకి 'గ్యా'. పిల్లకి రాయడం రాదు కనక ఆమె గుర్తుగా స్టిక్కరు బొట్టుబిళ్ళ ఇచ్చాం. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు గడిలో ఒక బొట్టు అంటించాలి. పొద్దున్నే అంటించకూడదు, రోజు గడవాలి. వచ్చే పండగ గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుడతాం. బొట్టుకీ సున్నాకీ మధ్య ఎన్ని గళ్ళుంటే అన్నిసార్లు పడుకుని లేవాలి. ఇంతకు మించి మేం నేర్పింది లేదు.

ఈ జూన్‌లో ఒకటో తరగతి పుస్తకాలకి అట్టలు వేస్తూ పోయినేడాది క్యాలెండరు కిందికి దించాను. తెలుగు వాచకానికి 2025 మే కాగితం సరిపోయేలా ఉంది. కత్తెర పెట్టబోతుంటే మనవరాలు చెయ్యి అడ్డం పెట్టింది. కాగితం నిండా ఎర్రటి, పచ్చటి బొట్లు. 11 నుంచి 19 దాకా మాత్రం ఏమీ లేవు. ఒక నిలువు వరుస మొత్తం, పక్క వరుసలో పైన రెండు గళ్ళు ఖాళీ. నాకు గుర్తు రాలేదు. ఆమె ఆ తెల్లటి గళ్ళ మీద వేలు పైనుంచి కిందికి జరిపింది.

"ఇక్కడ నేను అమ్మమ్మ వాళ్ళింట్లో ఉన్నాను తాతయ్యా. అప్పుడు."

నిన్న అనలేదు. వాచకానికి జూన్ కాగితం వేశాను.