దరువు మారే చోటు

పెళ్లి ఊరేగింపులో పెన్‌డ్రైవ్ పాటలు పెట్టిన వ్యాను వెనక ఎప్పుడైనా నడిచారా? పెళ్లికొడుకు బావమరిది అప్పుడప్పుడే ఊపందుకుంటాడు, పాట అయిపోతుంది. తర్వాతి పాట ఇంకో వేగంలో మొదలవుతుంది. ఆడేవాళ్ల కాళ్లు మళ్లీ మొదటికొస్తాయి. డప్పు మేళంతో ఈ గండం లేదు. ఆడినంతసేపూ అదే దరువు తిరుగుతుంది. ముందున్న పెద్దాయన డప్పు కొట్టే కర్ర, అదే చిర్ర, పైకెత్తితే చాలు, ఆ చుట్టు ముగిశాక పది డప్పులూ ఒక్కసారే కొత్త దరువులోకి దిగుతాయి. మధ్యలో ఎవరూ తెగ్గొట్టరు.

ఖమ్మం జిల్లా ముదిగొండ అంటే బయటివాళ్లకు ముందు గుర్తొచ్చేది 2007 జూలై 28, భూపోరాటం మీద జరిగిన పోలీసు కాల్పులు. ఆ సంగతి పక్కనబెట్టి, ఇక్కడి దరువు గురించి, ఈ మధ్య కుర్రాళ్ల చేతికొస్తున్న, నొక్కితే చప్పుడు మోగించే గడుల పెట్టె గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం చాలామందికి తట్టలేదు.

మనవాళ్లకు ప్యాడ్ కొత్త కాదు. రోలాండ్ కంపెనీ 1985లో తెచ్చిన ఆక్టాప్యాడ్ పేరు మన ఆర్కెస్ట్రాల్లో స్థిరపడిపోయింది. ఆ మొదటి పెట్టెకు సొంత చప్పుడు లేదు, పక్కనున్న యంత్రాన్ని మోగించడమే దాని పని. 1988లో రోజర్ లిన్ రూపకల్పనతో వచ్చిన అకాయ్ ఎంపీసీ60 ఇంకో అడుగు వేసింది. బయటి చప్పుడును పట్టి, పదహారు గడుల్లో పెట్టి, కొట్టినదాన్ని గుర్తుంచుకుని తిరిగి వాయించేది. 2001లో ఏబుల్టన్ లైవ్ వచ్చాక పాట ముక్కలను కంప్యూటర్ తెరమీద గడుల్లో పేర్చి, కావలసినప్పుడు వదలడం తేలికైంది. ఇప్పుడు ఆ కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 2019 నాటి అకాయ్ ఫోర్స్‌కు 64 గడులు. 2024లో వచ్చిన ఏబుల్టన్ మూవ్ బ్యాటరీతోనే నడుస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పందిట్లో అది చిన్న సుఖం కాదు.

పని తీరు ఇదీ. సాధారణంగా నిలువు వరుస ఒక్కోటి ఒక్కో వాయిద్యం: డప్పు, తాళం, గొంతు, కింది శ్రుతి. అందులోని ఒక్కో గడిలో ఒక్కో ముక్క, దాన్నే క్లిప్ అంటారు. నొక్కిన గడి వెంటనే మోగదు. మిణుకుమిణుకుమంటూ, నడుస్తున్న చుట్టు పూర్తయ్యేదాకా ఆగి, సరిగ్గా సమం దగ్గర, అంటే కొత్త చుట్టు మొదటి దెబ్బకు, అందుకుంటుంది. మళ్లీ చెప్పేదాకా అలాగే తిరుగుతుంది. అడ్డ వరుస మొత్తాన్ని ఒకే నొక్కుతో మార్చవచ్చు. చిర్ర ఎత్తిన పెద్దాయన చేసే పనీ ఇదే. కాకపోతే ఆయన జనం కాళ్లు చూసి చేస్తాడు. పెట్టెకు కళ్లు లేవు, నొక్కేవాడికి ఉండాలి.

అసలు తిప్పలు దరువు ఎక్కించేటప్పుడు వస్తాయి. ఈ పెట్టెలు పుట్టుకతోనే పదహారు మెట్ల లెక్కలో ఉంటాయి. నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు మెట్లు, అంటే తకదిమి. మన ఆటపాటల్లో చాలా భాగం మూళ్ల లెక్కలో సాగే తకిట నడక. దాన్ని పదహారులో ఇరికిస్తే కుంటుతుంది. మెట్ల సంఖ్యను పన్నెండుకు కుదించండి, నాలుగు మూళ్లు పన్నెండు, వెంటనే భుజం కదులుతుంది. ఇంకో దారి స్వింగ్ మీట. అకాయ్ పెట్టెల లెక్కలో 50 శాతం దగ్గర సూటి నడక, 66 దగ్గరికి తెస్తే తిశ్రపు ఊపు, అంటే ఆ మూళ్ల ఊపే. వేళ్ల తప్పులన్నిటినీ యంత్రం చేత సరిచేయించకండి. పది మంది కొట్టేటప్పుడు వెంట్రుకవాసి ముందూవెనకా పడే దెబ్బల్లోనే మేళం నిండుదనం ఉంది.

చప్పుడు ఎక్కడిదన్నది ఇంకా ముఖ్యం. కంపెనీ ఇచ్చే ఇండియన్ డ్రమ్స్ మూటలో తబలా, ఢోలక్ దొరుకుతాయి. ముదిగొండ డప్పు దొరకదు. ఒక మధ్యాహ్నం వెచ్చించి మనమే పట్టాలి. డప్పును మంట మీద కాచి, తోలు బిగిశాక కుడిచేతి చిర్ర దెబ్బ, ఎడమచేతి చిటికెన పుల్ల చప్పుడు, రెండూ కలిసిన దెబ్బ, వట్టి చెక్క మీది టకటక, ఒక్కోటి నాలుగైదు సార్లు, మెల్లగానూ గట్టిగానూ పట్టండి. ఒకే దెబ్బను వందసార్లు అతికిస్తే చెవికి వెంటనే తెలిసిపోతుంది. తోలు సడలిన డప్పునూ విడిగా పట్టి దాచుకోండి. ఆ బొంగురుదనానికీ పాటలో చోటుంటుంది.

అయితే అన్నీ గడుల్లో ఇమడవు. భద్రాచలం అడవి వైపు కోయ డోలు ఉంది. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య డోలు వాయిస్తూ సమ్మక్క సారలమ్మల చరిత్రను పాటగా చెప్పేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024లో కన్నుమూశారు. ఆ డోలు మాట వెంట నడుస్తుంది. కథ ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది, ఎక్కడ ఉరికితే అక్కడ ఉరుకుతుంది. దాన్ని ముక్క కోసి తిప్పితే మిగిలేది వట్టి మోత. అలాంటిదాన్ని మొదటి నుంచి చివరిదాకా పట్టి దాచడమే దారి.

డప్పు వాయించే చేతుల్లో ఎక్కువ మాదిగలవి. ఒకనాడు వాళ్ల చేత వెట్టిగా కొట్టించిన వాయిద్యం అది. 1994లో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అదే డప్పును తన గొంతు చేసుకుంది. అలాంటి చేతుల చప్పుడు ఫోనులో పట్టుకుపోయి, పాట మీద డీజే పేరొక్కటే వేసుకోవడం నాకు నచ్చదు. పెట్టె ధర వేలల్లో ఉంటుంది. ఆ మధ్యాహ్నం కొట్టినవాళ్ల కూలీ అందులో చిన్న ముక్క కూడా కాదు. కాబట్టి కుర్రాళ్లారా, మీరు పట్టే ప్రతి దరువుకూ దాని పేరేమిటో ఆ పెద్దమనుషులనే అడిగి గడికి ఆ పేరే పెట్టండి. వాళ్ల డబ్బు ముందే చేతిలో పెట్టండి. పాట బయటికొచ్చిన రోజు మీ పేరు పక్కన వాళ్ల పేర్లూ ఉండేలా చూడండి.