లెక్క రాసిన చెయ్యి: ఫిలిప్ కపూటో రచనలు

దురాక్రమణ సైన్యంలో పనిచేసినవాడు రాసిన సాహిత్యాన్ని అభ్యుదయ పాఠకుడు ఏ దృష్టితో చదవాలి? పశ్చాత్తాపం ఉంది గనుక మెచ్చుకోవాలా? తుపాకి పట్టినవాడు గనుక పక్కన పెట్టాలా? వియత్నాం ప్రజల పక్షాన నిలిచి కవిత్వం రాసిన తెలుగు రచయితలకు ఇది దూరపు ప్రశ్నేమీ కాదు. స్మృతి రచన, నవల, యుద్ధ చరిత్ర - ఈ మూడు ప్రక్రియల్లోనూ రాసిన అమెరికన్ రచయిత ఫిలిప్ కపూటోను ముందుంచుకుని దీన్ని పరిశీలించవచ్చు.

కపూటో 1941లో చికాగోలో పుట్టాడు. 1965 మార్చి 8న డానాంగ్‌లో దిగిన మెరీన్ దళంలో అతను లెఫ్టినెంటు. పదేళ్ల తర్వాత, 1975 ఏప్రిల్‌లో సైగాన్ పతనమవుతున్నప్పుడు పత్రికా విలేఖరిగా మళ్లీ అక్కడే ఉన్నాడు, హెలికాప్టర్‌లో బయటపడ్డాడు. ఆ దండయాత్ర రాకనూ పోకనూ కళ్లారా చూసినవాడన్నమాట.

1977లో వెలువడిన 'ఎ రూమర్ ఆఫ్ వార్' అతనికి పేరు తెచ్చిన స్మృతి రచన. కెనెడీ కాలపు ఆదర్శాల మాటలు నమ్మి, వీరత్వం మీద మోజుతో సైన్యంలో చేరిన మధ్యతరగతి యువకుడు ఇందులో కనిపిస్తాడు. కొంతకాలం అతనికి అప్పగించిన పని చచ్చినవాళ్ల లెక్క రాయడం. కల్నల్ చూసుకునే పట్టికలో అంకెలు దిద్దాలి. చచ్చినవాడు వియత్నామీ అయితే చాలు, శత్రువు ఖాతాలో పడతాడు. జనరల్ వస్తున్నాడంటే శవాలను ప్రదర్శనకు పెట్టాలి. సామ్రాజ్యవాదం మీద ఉపన్యాసమేమీ లేదు. అయినా హత్య గుమాస్తాగిరీగా మారిన తీరును ఇంత సూటిగా చూపిన రచనలు తక్కువ.

పుస్తకానికి గుండెకాయ అయిన ఘట్టం చివర్లో వస్తుంది. ఇద్దరు అనుమానితులను పట్టుకు రమ్మని కపూటో తన మనుషులను పంపుతాడు. వాళ్లు ఆ ఇద్దరినీ చంపేస్తారు. చనిపోయినవాళ్లలో ఒకడు తమకు సమాచారం ఇచ్చిన కుర్రవాడేనని తర్వాత తెలుస్తుంది. పట్టుకు రమ్మన్నది పైకి ఇచ్చిన ఆజ్ఞ. చంపినా ఫర్వాలేదన్నది లోపలి కోరిక. ఈ తేడాను కపూటో దాచిపెట్టలేదు. అతని మీద మోపిన హత్యాభియోగాన్ని చివరకు ఎత్తేశారు. మందలింపు లేఖతో వ్యవహారం ముగిసింది.

అయితే ఈ నేరానికి యుద్ధ స్వభావమే మూలం అని రచయిత తేల్చే చోట మనం ఆగాలి. ఆ మాటలో సగం నిజముంది. సైనికుణ్ణి బోనెక్కించి విధానకర్తలను వదిలేసే న్యాయాన్ని అది ఎండగడుతుంది. కాని యుద్ధం వానలా దానంతటది కురవదు. కురిపించిన ప్రభుత్వం ఉంది, ఆ ప్రభుత్వం వెనుక ప్రయోజనాలున్నాయి. 'యుద్ధం' కర్తగా నిలిచిన వాక్యంలో అసలు కర్త తప్పించుకుంటాడు.

నవలల్లో ఈ పరిమితి మరింత స్పష్టమవుతుంది. 'హార్న్ ఆఫ్ ఆఫ్రికా' (1980)లో ఆయుధాల రవాణాకు దిగిన మనుషుల కథ, చివరకు మనిషి లోపలి చీకటి కథగా మారుతుంది. 'ఇండియన్ కంట్రీ' (1987) ఇంతకన్నా లోతైన నవల. శత్రు ప్రాంతానికి అమెరికన్ సైనికులు పెట్టుకున్న పేరునే శీర్షికగా తీసుకుని, ఆదివాసుల నేలకూ వియత్నాం నేలకూ ఉన్న చారిత్రక బంధాన్ని రచయిత పట్టుకున్నాడు. ఇది మెచ్చదగిన విషయం. కాని కథానాయకుణ్ణి వెంటాడేది తనతోపాటు యుద్ధానికి వచ్చి చనిపోయిన ఒజిబ్వా మిత్రుడి జ్ఞాపకం. స్మృతి రచనలో వియత్నామీ మృతుల చుట్టూ ఉన్న అపరాధ భావన నవలకొచ్చేసరికి స్వదేశపు మిత్రుడి మీదికి జరిగింది. దుఃఖం నిజమైనదే, దాని చిరునామా మారింది.

2005లో రెండు చరిత్ర గ్రంథాలు వచ్చాయి. 'టెన్ థౌజండ్ డేస్ ఆఫ్ థండర్' చిన్న వయసు పాఠకుల కోసం రాసిన వియత్నాం యుద్ధ చరిత్ర. ఇలాంటి రచనలో విస్తృతి ఉంటుంది, క్రమం ఉంటుంది. అంకె కూడా ఉంటుంది, కాని ఆ అంకెను రాసిన చెయ్యి కనిపించదు. రెండోది '13 సెకండ్స్'. 1970 మే 4న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు సైనికులు 13 సెకన్లలో 67 గుళ్లు పేల్చి నలుగురు విద్యార్థులను చంపారు. ఆనాడు ఆ వార్త రాసిన విలేఖరుల్లో కపూటో ఒకడు. పరాయి గడ్డ మీద అలవాటైన హింస ఇంటి గడపకు చేరడం ఈ పుస్తకంలో చూస్తాం. వ్యక్తి అనుభవానికీ చరిత్రకూ మధ్య సంబంధం ఇక్కడ తెగిపోలేదు.

ఇన్ని రచనలు చదివాక కూడా ఒక ఖాళీ మిగులుతుంది. కపూటో రచనల్లో వియత్నాం రైతు ఎక్కువగా శవంగానో, అనుమానితుడిగానో, పొలం గట్టు మీద కదిలే నీడగానో ఉంటాడు. అతని ఇల్లు, ఆకలి, అతను తుపాకి పట్టడానికి కారణం మనకు అందవు. ఉత్తర వియత్నాం సైన్యంలో పోరాడిన బావో నిన్ రాసిన 'ది సారో ఆఫ్ వార్' పక్కన పెట్టుకుని చదివితే ఈ లోటు ఎంతటిదో తెలుస్తుంది.

కాబట్టి కపూటోను విముక్తి సాహిత్యకారుడిగా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు, పశ్చాత్తాప వ్యాపారి అని తోసిపుచ్చనూ అక్కర్లేదు. అతను యంత్రం లోపలి నుంచి వచ్చిన సాక్షి. సాక్షి చెప్పిందంతా తీర్పు కాదు. సాక్ష్యం లేకుండా తీర్పూ ఉండదు. మన రచయితలు అతని దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది: అన్యాయాన్ని ఖండించడంతో సరిపోదు, ఆ అన్యాయపు లెక్కలు ఏ బల్ల మీద, ఎవరి చేత్తో రాయబడుతున్నాయో చూపించాలి. అతను వదిలేసిన పని కూడా ఒకటుంది. ఆ లెక్కలో అంకెగా మిగిలిన మనిషికి పేరు పెట్టి, మాట ఇవ్వాలి.